మూడెకరాల మందు

మెదక్,
17 నవంబర్ 1964.

ప్రియమైన జైనాబ్,

ఈ ఉదయం నాయిన రెండు బకెట్లలో కుడితి కలిపాడు. ఒకటి తెల్లెద్దు ముందు పెట్టాడు. రెండోది చేతిలో పట్టుకొని కొట్టం మధ్య కాసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్ని కూడా తెల్లెద్దు ముందే పెట్టాడు. తెల్లెద్దు రెండూ తాగింది. దానికి ఏ బాధా ఉన్నట్టు లేదు.

ఎర్రెద్దు ఇప్పుడు మీ ఇంట్లో ఉంది. మీ అమ్మీ ఈపాటికి రాసే ఉంటుంది. కానీ అది అక్కడికి ఎలా వచ్చిందో మీ వాళ్ళకు సరిగ్గా తెలియదు. మాకు తెలుసు. మేము చెప్పడం లేదు.

మొన్న ఆదివారం మా పేట గుడిలో కోతపండుగ. చిన్నప్పుడు ఒకసారి నువ్వు నాతో వచ్చి, వేలంలో గుమ్మడికాయ వేరేవాళ్ళకు పోయిందని ఏడ్చావు. పద్ధతి ఇంకా అదే. ప్రతి ఇల్లూ కొత్త పంటలో కొంత తెచ్చి ముందు పెడుతుంది. పేర్లు చదువుతారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత అన్నీ వేలం వేస్తారు. పేరు చదివి ప్రార్థన అయిందంటే అది ఇక దేవునిది, ఇచ్చినవాళ్ళది కాదు.

ఈసారి గుడి ఇరుకైందని బయట పందిరి వేశారు. నాయిన రెండు బస్తాల వడ్లు బండి మీద తెచ్చాడు. గేటు దగ్గర చక్రం మోరీలో దిగబడింది. వెనక ఇంకా బండ్లు ఉన్నాయి. నాయిన ఎర్రెద్దును విప్పి, బస్తాలు దాని వీపు మీద వేసి, పందిరి దాకా నడిపించుకొని వచ్చాడు. పండుగ కదా అని అమ్మ పొద్దున్నే ఎద్దులను కడిగి కొమ్ములకు బంతిపూల దండలు కట్టింది. మా కొంప ముంచింది ఆ దండే.

పేర్లు చదివే పని దావీదు సార్‌ది. ఆయన మిషన్ బడికి కొత్తగా వచ్చిన పంతులు, ఖమ్మం వైపు మనిషి. ఆయన దండను చూశాడు. ఎద్దును చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "సహోదరుడు కృపాదానం గారు రెండు బస్తాల వడ్లు, వాటితోపాటు తన కాడెద్దులలో ఒకదానిని దేవునికి సమర్పిస్తున్నారు" అని చదివాడు.

నాయిన నోరు తెరిచాడు. అప్పుడే లిడియా అవ్వ ఏడుస్తూ కీర్తన ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. ఐదు చరణాలు. ఐదో చరణం అయ్యేసరికి నాయిన నోరు మూసుకున్నాడు. అయ్యగారు వచ్చి ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. అమ్మ నా వైపు చూసింది. నేను కీర్తనల పుస్తకం వైపు చూశాను.

వేలంలో రామాయంపేట పశువుల బేరగాడు ఒకడు పాట పెంచుకుంటూ పోయాడు. మీ అబ్బా ఏటా వచ్చినట్టే గానుగకు నువ్వుల కోసం వచ్చి గేటు దగ్గర ఉన్నారు. బేరగాడి మీద పాట పెంచి ఎద్దును తీసుకున్నారు. పోతూ నాయినకు సలాం చేశారు. నాయిన కూడా సలాం చేశాడు.

ఈ ఏడు చెరువు నిండింది. క్రిస్మస్ కాగానే తూము ఎత్తుతారు. మా మూడెకరాలు బురదలో దున్నాలంటే జత ఎద్దులు కావాలి. అప్పుడు ఊరంతా దున్నుతూ ఉంటుంది, ఎద్దును ఎవరూ అరువు ఇవ్వరు. పోయిన ఏడు యాసంగి పంట లేదు. ఈ ఏడూ పోతే పొలాన్ని పాలుకు, సగం పంట కౌలుకు, ఇచ్చేస్తానని నాయిన అమ్మతో అన్నాడు. పాలుకు ఇచ్చిన పొలాన్ని మళ్ళీ తానే దున్నుకున్న మనిషి మా పేటలో లేడు.

నీ
ఎలిశిబా


బోధన్,
21 నవంబర్.

మా పుస్తకాల పురుగు ఎలీకి,

నీ ఉత్తరం చదువుతూ నేను నవ్వుతుంటే మా అత్తగారు వచ్చి ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు. రషీద్ గారికి చదివి వినిపించాను. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి, దేనికీ నవ్వరు. "తెల్లెద్దు రెండూ తాగింది" అన్నచోట నవ్వారు. పెళ్ళయిన ఏడాదిన్నరలో ఇది మూడోసారి.

అమ్మీ రాసిన కథ వేరుగా ఉంది. కృపాదానం మనసారా దేవునికి ఇచ్చిన ఎద్దు, మన ఇంటికి బర్కత్ తెస్తుంది అని అబ్బా బజారంతా చెప్పారట. మొదటి రోజు దానికి లోబాన్ పొగ వేశారట. గానుగెద్దుకు పొగ వేయడం మా వంశంలో ఇదే మొదలు. కళ్ళకు గంతలు కూడా కొత్తగా కుట్టించారట, నా పెళ్ళిలో మిగిలిన రేష్మీ గుడ్డతో. నా పెళ్ళి గుడ్డ కట్టుకొని మీ ఎద్దు గానుగ తిప్పుతోంది. ఇది నేను ఎవరితో చెప్పుకోవాలి?

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవ ఎందుకే? మీ నాయిన పోయి "హకీం భాయి, పొరపాటయింది" అంటే అయిపోతుంది. ఇద్దరూ ఒకే చెరువులో ఈత నేర్చుకున్నవాళ్ళు. ఇద్దరికీ నోళ్ళున్నాయి. నీకూ ఉంది, వాడవు అంతే. కాన్వెంటులో సిస్టర్ నీ పేరు పిలిస్తే లేచి "ప్రజెంట్" అన్నది ఎవరో గుర్తుందా? ఐదేళ్ళు నీ హాజరు నేనే పలికాను. ఇప్పుడు బోధన్‌లో ఉన్నాను. ఇక్కడి నుంచి పలకలేను.

నీ జైనాబ్


మెదక్,
28 నవంబర్.

ప్రియమైన జైనాబ్,

నాయిన అడగడు. దేవునికి ఇచ్చినదాన్ని అడిగి తెచ్చుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి అంటాడు. అసలు ఇవ్వలేదు కదా అని అమ్మ అంది. "ఇయ్యలేదని నాకెరుక, నీకెరుక. ప్రార్థన అయినంక ఎరుకతోని ఏం పని?" అన్నాడు.

పైగా ఇప్పుడు నాయిన మామూలు మనిషి కాడు. ఎప్పుడూ గుడిలో చివరి వరసలో గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ఇప్పుడు అయ్యగారే చెయ్యి పట్టుకొని ముందు బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. అక్కడ ఆనుకోవడానికి గోడ లేదు. ప్రసంగంలో నిద్రపోవడానికి వీల్లేదు. నాయిన బాగా చిక్కిపోయాడు.

లిడియా అవ్వ చేగుంట నుంచి తన చుట్టాలను ఆరుగురిని తీసుకొచ్చి మా వాకిట్లో నిలబెట్టింది.

"గీయననే, మంచిగ సూడుండ్రి. ఉన్న రెండెడ్లల్ల ఒకటి ఇచ్చిండు. మీరు గుమ్మడికాయ ఇచ్చి ఏడాదంత చెప్పుకుంటరు."

నాయినకు ఇక ఓపిక అయిపోయింది. "అవ్వా, నేను బస్తాలే తెచ్చిన" అన్నాడు.

"సూసిండ్రా," అంది లిడియా అవ్వ చుట్టాలతో. "ఇచ్చినట్టు చెప్పుకోడు గూడ."

బుధవారం బజారులో హకీం చాచా కనిపించారు. నేను నాయిన వెనకే ఉన్నాను. మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"సలాం, హకీం భాయి. ఎద్దు మంచిగున్నదా?"

"మస్తుగున్నది. జరంత గూడ తక్లీఫ్ లేదు. నీ పొలం పని?"

"మస్తుగ నడుస్తున్నది."

"ఒక్క ఎద్దుతోనే?"

"దేవుడు నడిపిస్తుండు."

"ఇంకేమన్న చెప్పేది ఉన్నదా, కృపాదానం?" అని చాచా అడిగారు. "ఏం లేదు భాయి" అన్నాడు నాయిన. చాచా ఇంకొంచెం సేపు నిలబడి, వెళ్ళిపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు నాయిన మీ గానుగ వెనక సందులోంచి వచ్చాడు. అది మాకు దారి కాదు. గోడ అవతల గానుగ కిర్రుమంటోంది. నాయిన చెప్పులో రాయి పడిందని ఆగాడు. రెండు చెప్పులూ తీసి దులిపాడు. కిర్రుమనడం ఆగేదాకా దులుపుతూనే ఉన్నాడు.

నీ
ఎలిశిబా


బోధన్,
3 డిసెంబర్.

ఎలీ,

మన్సూర్ భయ్యా ఉత్తరం వచ్చింది. అబ్బాకు తెలియకుండా రాశాడు. చదువుకో.

మీ ఎద్దు పొద్దున్నుంచి బ్రహ్మాండంగా తిరుగుతుందట. మిషన్ బడిలో పన్నెండు గంట కొట్టగానే ఎక్కడిదక్కడ ఆగిపోతుందట. ఆగి, మెల్లగా ముందుకాళ్ళు మడిచి కూర్చుంటుందట. అదిలించినా లేవదు, బెల్లం పెట్టినా లేవదు. బెల్లం మాత్రం తింటుంది. రెండింటికి తనంతట తానే లేస్తుంది. అప్పటిదాకా నువ్వులు తెచ్చిన వాళ్ళంతా దాని చుట్టూ కూర్చొని ఉంటారు.

అబ్బా ఏమంటున్నారో తెలుసా? "జోహర్ నమాజ్ టైముకు పని బంద్ చేస్తది. గింత భక్తి గల్ల ఎద్దును మీరెక్కడన్న చూసిండ్రా?" అంటున్నారట. వాళ్ళు చూడలేదని ఒప్పుకొని, నువ్వులు తీసుకొని ఇంకో గానుగకు పోతున్నారట.

రామాయంపేట బేరగాడు మళ్ళీ వచ్చి అడిగాడట. అబ్బా వాణ్ణి మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. పని చేయని ఎద్దును ఎందుకు ఉంచుకున్నారని భయ్యా అడిగితే, నీకెందుకు అన్నారట. పైగా తెలికపిండి దానికే పెడుతున్నారు. ఒళ్ళు చేసిందట.

ఇక నువ్వే వెళ్ళాలి. నూనె కోసమని వెళ్ళు. సీసా చేతిలో ఉంటే నీకు ధైర్యంగా ఉంటుంది. ఏం చెప్పాలో కూడా రాసి ఇస్తున్నాను. "చాచా, ఆ ఎద్దును మా నాయిన దేవునికి ఇయ్యలేదు, దావీదు సార్ తప్పు చదివిండు, నాయినకు అడగనీకె సిగ్గయితున్నది, యాసంగి దుక్కికి అది లేకుంటే మా పొలం పోతది, మీరే ఏదన్న చెయ్యుండ్రి." ఒక్క గుక్కలో అనేసి వచ్చెయ్.

జైనాబ్


మెదక్,
9 డిసెంబర్.

ప్రియమైన జైనాబ్,

నువ్వు రాసి ఇచ్చింది ఒక వాక్యం కాదు, ఒక ప్రసంగం. దారి పొడుగునా బట్టీ పట్టాను.

మొదటి రోజు చాచా "ఏం కావాలె బిడ్డా?" అన్నారు. "పావుసేరు కుసుమ నూనె" అన్నాను. కొలిచి పోశారు. వచ్చేశాను.

రెండో రోజు "చాచా" అన్నాను. ఆయన నా వైపు చూశారు. నేను సీసా ముందుకు చాపాను.

మూడో రోజు "చాచా, ఆ" దాకా వచ్చాను. "ఆముదమా?" అన్నారు. తల ఊపాను. ఇప్పుడు మా ఇంట్లో ఆముదం కూడా ఉంది.

నాలుగో రోజు ఎవరో ముసలాయన కూర్చొని ఉన్నాడు. గడప దగ్గరి నుంచే తిరిగి వచ్చేశాను. నూనె లేకుండా వచ్చానని అమ్మ సంతోషించింది. "ఇప్పటికి ఉన్నదే పండుగ దాంక వస్తది. ఇంక నూనెతోని ఇల్లు అలకాల్నా?" అంది.

గంట సంగతి నాకు తెలుసు. మా పొలానికీ మీ గానుగకూ మధ్యలోనే కదా బడి. ఆరేళ్ళుగా నాయిన ఆ గంట వినగానే కాడి విప్పుతాడు. నాగటి చాలు సగం మిగిలినా సరే. "బళ్ళె పోరగాండ్లకే సుట్టి ఉంటే మూగజీవాలకు ఉండొద్దా?" అంటాడు. ఎద్దు ఇంకా అదే లెక్కలో ఉంది.

అది గానుగ దగ్గర కూర్చుంటోందని నాయినతో చెప్పాను. ఆ పూట ఇంకో జొన్నరొట్టె అడిగి తిన్నాడు.

కానీ నిన్న నీరటి దుర్గయ్య వచ్చాడు. చెరువు నీళ్ళు వదిలేది ఆయనే. క్రిస్మస్ పోయిన సోమవారం తూము ఎత్తుతున్నానని చెప్పాడు. "నీ మడి తయారుంటదా, కృపాదానం? లేకుంటే చెప్పు, నీ వంతు పక్కోనికి ఇస్త." నాయిన రెండు రోజుల్లో చెబుతానన్నాడు. దుర్గయ్య పోయాక పాలుకు ఎవరు తీసుకుంటారో కనుక్కోమని అమ్మతో అన్నాడు. అమ్మ వినపడనట్టు పొయ్యి ఊదింది. పొయ్యి బాగానే మండుతోంది.

నీ
ఎలిశిబా


బోధన్,
13 డిసెంబర్.

ఎలీ,

ఆముదానికి నవ్వాలని ఉంది కానీ దుర్గయ్య దగ్గర నవ్వు ఆగిపోయింది.

నీకు చెప్పకుండా దాచింది ఒకటి ఉంది. వేలం అయిన మర్నాడే అబ్బా నాకు స్వయంగా రాశారు. "కృపాదానం మొహం నేను చూసిన. అది ఇచ్చినోని మొహం కాదు. ఎద్దు రామాయంపేటకు పోతే మళ్ళ దొరకదని పాడిన. వచ్చి అడిగితే ఇచ్చేద్దమని చూస్తున్న. చిన్నప్పటి దోస్తు, ఒక్క మాట అడుగొద్దా?" అని. ఎవరితోనూ అనొద్దని ఒట్టు పెట్టారు. మీ నాయిన అడగాలని మా అబ్బా, అడగకూడదని మీ నాయిన. నేను ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

వాక్యం కూడా చిన్నది చేశాను. "ఎద్దు ఇయ్యుండ్రి." రెండు మాటలు. ఆ రెండు కూడా రాకపోతే నాకు ఉత్తరం రాయకు.

జైనాబ్


మెదక్,
18 డిసెంబర్.

ప్రియమైన జైనాబ్,

నీ ఉత్తరం చదివాక భయపడటానికి ఇక ఏమీ మిగలలేదు. అయినా భయపడ్డాను.

వెళ్ళే ముందు నాయినను అడిగి చూశాను. చాచా తనంతట తానే ఎద్దును తెచ్చి ఇస్తే ఏం చేస్తావు అని.

"వాపస్ పంపిస్త."

"ఎందుకు?"

"దేవునికిచ్చింది ఇంట్లె కట్టేసుకుంటే రేపు ముందు బెంచీ మీద ఎట్ల కూసుందు?"

ముందు బెంచీ అంటే నీకు ఇష్టం లేదు కదా అన్నాను. ఇష్టం వేరు, ఇజ్జత్ వేరు అన్నాడు.

అంటే నీ రెండు మాటలు కూడా పనికిరావు. చాచా ఇచ్చినా నాయిన తీసుకోడు. ఆ సంగతి ఆలోచిస్తూ నిన్న సీసా పట్టుకొని వెళ్ళాను. ఇంకా పన్నెండు కాలేదు. గానుగ తిరుగుతోంది. ఎర్రెద్దు నీ రేష్మీ గంతలు కట్టుకొని ఉంది. దానికి బాగా నప్పాయి. నా అడుగు వినగానే ఒక చెవి ఇటు తిప్పింది.

నేను సీసా ఇచ్చేలోపే గంట కొట్టింది. ఎద్దు ఆగింది. కాళ్ళు మడిచింది. కూర్చుంది. మన్సూర్ భయ్యా చేతిలో కర్ర పక్కన పెట్టి తాను కూడా కూర్చున్నాడు. నువ్వులు తెచ్చిన ఒకామె లేచి వెళ్ళిపోయింది.

చాచా సీసా పట్టుకొని నా వైపు చూశారు.

"బిడ్డా, మీ ఇంట్ల గింత నూనె ఏం జేస్తుండ్రు?"

ఎద్దు వైపు చూశాను. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"చాచా, దానికి కండ్లు తిరుగుతున్నయి."

"ఎవరికి? ఎద్దుకా?"

"గుండ్రం తిరిగితే గట్లనే అయితదట. అందుకే కూసుంటున్నది. సీద నడవాలెనట."

"ఎవరు చెప్పిండ్రు?"

"పుస్తకంల ఉన్నది."

"ఏం పుస్తకం?"

"ఇంగ్లీషు పుస్తకం."

జైనాబ్, అలాంటి పుస్తకం నేను చదవలేదు. ఎవరూ రాసి ఉండరు. నా చెవులు కాలుతున్నాయి. సిస్టర్ గుర్తొచ్చారు.

చాచా గడ్డం నిమురుకున్నారు. గంభీరంగానే ఉన్నారు. "ఎన్ని దినాలు నడవాలెనట?"

"యాసంగి నాట్లు అయ్యేదాంక."

"ఇంగ్లీషు పుస్తకంల యాసంగి ముచ్చట గూడ ఉన్నదా?"

"ఉన్నది చాచా."

మన్సూర్ భయ్యా మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. చాచా అతన్ని కసిరారు. "నవ్వుతవేందిరా? చదువుకున్న పిల్ల చెప్తున్నది." తర్వాత సీసా నింపి నా చేతిలో పెట్టారు. పైసలు తీసుకోలేదు. "పో బిడ్డా. మీ నాయినతోని ఏం చెప్పకు. పుస్తకాలు ఆయన నమ్మడు. ఇంకెవరన్న చెప్పాలె" అన్నారు.

ఇంకెవరు చెప్పాలో చెప్పలేదు. తూము ఎత్తడానికి పది రోజులు ఉంది. రెండు రోజుల్లో జవాబు చెబుతానన్న నాయిన దుర్గయ్యను తప్పించుకొని వెనక దారిన పొలానికి పోతున్నాడు.

నీ
ఎలిశిబా


బోధన్,
22 డిసెంబర్.

ఎలీ, కార్డు మీదే రాస్తున్నాను, కవరు కొనేదాకా ఆగలేను. అబద్ధమాడింది నువ్వేనా? ఐదేళ్ళు నీ హాజరు పలికిన నాకే నమ్మబుద్ధి కావడం లేదు. తర్వాత ఏమైంది? రషీద్ గారు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకముందే "ఎద్దు?" అని అడుగుతున్నారు. వెంటనే రాయి.
జైనాబ్


మెదక్,
11 జనవరి 1965.

ప్రియమైన జైనాబ్,

ఆలస్యానికి క్షమించు. నా వేళ్ళకు బురద పోలేదు. నాట్లు వేసే వాళ్ళతోపాటు నేనూ దిగాను. నా వరసలు వంకరగా వచ్చాయి.

తూము ఎత్తిన సోమవారం పొద్దున్న నాయిన పొలంలో పార పట్టుకొని ఒక్కడే గట్లు చెక్కుతున్నాడు. నీళ్ళు మా కాలువలోకి వచ్చేశాయి. దుర్గయ్యకు ఔననీ కాదనీ ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయన వదిలేశాడు. నేను సద్ది తీసుకొని అప్పుడే వెళ్ళాను. చెరువు కట్ట మీది నుంచి చాచా వస్తున్నారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఎర్రెద్దు పలుపు. గట్టు దగ్గర ఆగారు.

"కృపాదానం, నీతోని జర పని పడ్డది."

"చెప్పు, భాయి."

"ఎద్దుకు సుస్తీ అయింది. గుండ్రం తిరిగి తిరిగి చక్కర్ వస్తున్నది. డాక్టర్‌కు చూపెట్టిన. సీద నడిపియ్యమన్నడు. నా తాన సీద జాగ ఏడున్నది? గానుగ చుట్టు ఉన్నదంత గుండ్రమే."

నాయిన పార కింద పెట్టాడు. ఎద్దు దగ్గరికి వచ్చి కళ్ళు చూశాడు. నోరు తెరిచి నాలుక చూశాడు. మెడ కింద తడిమాడు. చాలాసేపు తడిమాడు. ఎద్దు ఆయన భుజం నాకింది.

"చక్కరే," అన్నాడు చివరికి. "ఎంత దూరం నడిపియ్యాలెనన్నడు డాక్టర్?"

"మూడెకరాలు."

"ఉట్టిగ నడిస్తే సరిపోతదా?"

"ఎనక జర బరువుండాలన్నడు. నాగలి అసొంటిది."

"పక్కపొంటి ఇంకో ఎద్దు?"

"ఉంటే మంచిదన్నడు. ధైర్యానికి."

నాయిన మడి వైపు చూశాడు. నీళ్ళు సగం మడికి వచ్చాయి. "భాయి, ముందే చెప్తున్న. దేవునికిచ్చింది నేను వాపస్ తీసుకోను."

"వాపస్ ఎవడిస్తుండు? నా ఎద్దు ఇది. దవాఖానకు తోలుకొచ్చిన."

"అట్లయితే సరే" అన్నాడు నాయిన.

మధ్యాహ్నానికి ఒక మడి బురద అయింది. చాచా గొడుగు వేసుకొని గట్టు మీదే కూర్చున్నారు. రోగితో వచ్చిన మనిషి ఇంటికి ఎలా పోతాడు అన్నారు. రోజూ వచ్చారు. "జర సీద తోలు, కృపాదానం, వంకర పోతే మందు పని చెయ్యది" అని గట్టు మీది నుంచి అరుస్తారు. నాయిన దుక్కికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. అయినా ఆ మాటలు పడ్డాడు. డాక్టర్ మాట కదా.

మూడో రోజు లిడియా అవ్వ కట్ట మీద పోతూ ఆగిపోయింది.

"ఇదేంది, దేవుని ఎద్దు మల్ల ఈడికొచ్చిందా?"

"నా ఎద్దు, అవ్వా," అన్నారు చాచా. "సుస్తీగున్నది. కృపాదానం మంచితనం, నడిపిస్తుండు."

అవ్వకు కళ్ళనీళ్ళు వచ్చాయి. "ఇచ్చిన ఎద్దుకు చాకిరి గూడ చేస్తుండా" అంది. బురదలోకి దిగి, ఎద్దు నుదుటి మీద చెయ్యి పెట్టి, స్వస్థత కోసం కీర్తన పాడింది. ఐదు చరణాలూ. నాయిన నాగలి పట్టుకొని తల వంచి నిలబడ్డాడు. చాచా గొడుగు ముడిచారు.

పోయిన సోమవారం బడి తెరిచారు. అదే రోజు నుంచి చాచాకు రంజాన్ రోజా, పగలంతా ఉపవాసం. పన్నెండు గంట వినగానే రెండు ఎద్దులూ ఒకేసారి ఆగాయి. నాయిన కాడి విప్పాడు. సద్ది మాత్రం విప్పలేదు. ఎందుకు తినలేదని చాచా అడిగితే ఆకలి లేదన్నాడు. అమ్మ పంపిన రొట్టెలు పొద్దుగూకాక ఇద్దరూ కలిసి గట్టు మీద విప్పారు. మీ అమ్మీ పంపిన ఖర్జూరాలు కూడా ఉన్నాయి. అప్పటి నుంచి రోజూ అంతే. అమ్మ ఇద్దరికీ సరిపడా చేస్తోంది. నూనె బాగానే ఉంది కాబట్టి ఒకరోజు గారెలు కూడా చేసింది.

శనివారం ఆఖరి మడి నాటాం. ఆ సాయంత్రమే నాయిన ఎద్దును కడిగి, పలుపు చాచా చేతికి ఇచ్చాడు. ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదని, ఏటా వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి ఇదే మందు చెయ్యాలని డాక్టర్ అన్నాడట. మధ్యలో గానుగకు కట్టొచ్చట, పన్నెండు దాకా. నాయిన అన్నీ విని, జాగ్రత్తగా గుర్తు పెట్టుకున్నాడు. ఎద్దు చాచాదేనని ఊరందరికీ తెలుసు. నిన్న ఆదివారం నాయిన ముందు బెంచీ మీద కూర్చొని, ప్రసంగం మొదలు కాగానే నిద్రపోయాడు.

రషీద్ గారికి ఇదంతా చదివి వినిపించు. నువ్వు బోధన్‌లో ఉన్నావు కాబట్టి ఒక సంగతి రాయాలి. మెదక్‌లో పశువుల డాక్టర్ లేడు. దసరాకు ముందే బదిలీ అయి వెళ్ళిపోయాడు, కొత్తాయన ఇంకా రాలేదు. ఆయన సామానంతా బస్టాండుకు మా బండి మీదే పోయింది. తోలింది నాయిన.

నీ
ఎలిశిబా